ఒక చిన్న క్రైస్తవ వేదాంత కళాశాల, రెండు దరఖాస్తులు: కోర్సు వాలిడేషన్ కేస్ స్టడీ

మా ప్రిన్సిపాల్ గారి గదిలో, ఆయన కుర్చీ వెనక గోడ మీద బంగారు రంగు ఫ్రేములో ఒక సర్టిఫికెట్ ఉండేది. 'అంతర్జాతీయ అక్రిడిటేషన్' అని పెద్ద అక్షరాలు, కింద ఎర్ర ముద్ర. నేను అకడమిక్ డీన్‌గా చేరేనాటికే అది అక్కడ తొమ్మిదేళ్లుగా ఉంది. మా దగ్గర మూడేళ్ల కోర్సు పూర్తిచేసిన ఒక అమ్మాయి పై చదువుకు వేరేచోట దరఖాస్తు పెట్టుకుంటే, 'మీకు పట్టా ఇచ్చిన కళాశాలకు పట్టా ఇచ్చే అధికారం ఎక్కడిది?' అని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. జవాబు రాద్దామని కూర్చుంటే, ఆ ఫ్రేములోని ఏజెన్సీని గుర్తించిన ప్రభుత్వం గానీ, విశ్వవిద్యాలయం గానీ, మరో గుర్తింపు సంస్థ గానీ ఒక్కటీ కనిపించలేదు. మూడేళ్లు గ్రీకు, హెబ్రీ కష్టపడి చదివిన పిల్ల మళ్లీ మొదటి సంవత్సరంలో చేరింది.

ఆ ఉత్తరం తర్వాత నాలుగేళ్ల పాటు ఏం చేశామో, ఎక్కడ దెబ్బతిన్నామో, చివరికి ఏది నిలబడిందో రాస్తున్నాను. చిన్న బైబిల్ కళాశాలలు, మతవిద్యా సంస్థలు నడిపేవాళ్లకు ఉపయోగపడాలని కోరిక. కళాశాల పేరు, విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు.

ముందు మాటల తేడా

అక్రిడిటేషన్, వాలిడేషన్, అఫిలియేషన్. మా బోర్డు సమావేశాల్లో ఈ మూడూ ఒకటే అన్నట్టు మాట్లాడుకునేవాళ్లం. సగం చిక్కులు అక్కడే పుట్టాయి.

అక్రిడిటేషన్ అంటే బయటి సంస్థ వచ్చి కళాశాల మొత్తాన్ని, అంటే పాలన, డబ్బు, అధ్యాపకులు, గ్రంథాలయం అన్నీ చూసి, తన ప్రమాణాలకు సరిపోతుందని చెప్పడం. అమెరికాలో బైబిల్ కళాశాలల కోసం 1947లో మొదలైన ఏబీహెచ్ఈ (అసోసియేషన్ ఫర్ బిబ్లికల్ హయ్యర్ ఎడ్యుకేషన్), ఆసియాలో 1970లో ఏర్పడిన ఏషియా థియలాజికల్ అసోసియేషన్ ఈ పనే చేస్తాయి. వాలిడేషన్‌లో చూపు కోర్సు మీద ఉంటుంది. పట్టా ఇచ్చే అధికారం ఉన్న విశ్వవిద్యాలయం మన కోర్సును పరీక్షించి, ఇది మా డిగ్రీకి తగినదే అని ఒప్పుకుంటుంది. పాఠం మనది, పట్టా వాళ్లది. ఇంగ్లండ్‌లో చర్చి ఆఫ్ ఇంగ్లండ్, దాని భాగస్వామ్య సంఘాల శిక్షణ కేంద్రాలు 2014 నుంచి డరహమ్ విశ్వవిద్యాలయం వాలిడేట్ చేసిన 'కామన్ అవార్డ్స్' కోర్సులు నడుపుతున్నది ఇలాగే. అఫిలియేషన్ అంటే పట్టా ఇచ్చే సంస్థకు అనుబంధంగా చేరి దాని కోర్సే నడపడం. దీనికి మనవాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ సెరాంపూర్. 1818లో పుట్టిన ఆ కళాశాలకు 1827లో డెన్మార్క్ రాజు చార్టర్ ఇచ్చాడు, 1918లో బెంగాల్ శాసనం దాన్ని బలపరిచింది. ఆ బలం మీదే సెరాంపూర్ సెనేట్ ఎన్నో వేదాంత కళాశాలల విద్యార్థులకు బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టాలు ఇస్తోంది.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. నాణ్యత ఒక సంగతి, పట్టా ఇచ్చే చట్టబద్ధ అధికారం ఇంకో సంగతి. తోటి కళాశాలలు మెచ్చుకున్న మంచి కోర్సుకు కూడా రెండోది లేకపోవచ్చు. భారతదేశంలో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ డిగ్రీ ఇచ్చే హక్కును విశ్వవిద్యాలయాలకు, చట్టం ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు పరిమితం చేసింది. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదర్సా విద్యా చట్టాన్ని సమర్థిస్తూనే, కామిల్, ఫాజిల్ అనే ఉన్నత స్థాయి పట్టాలకు సంబంధించిన భాగాన్ని యూజీసీ చట్టానికి విరుద్ధమని కొట్టేసింది. అక్కడ బోధన బాగుందా లేదా అన్నది ప్రశ్నే కాదు. అధికారం ఎవరిదన్నదే ప్రశ్న. ఏ మతానికి చెందిన చిన్న కళాశాలైనా ఈ ఒక్క ముక్క ముందే అర్థం చేసుకుంటే పిల్లల సంవత్సరాలు మిగులుతాయి.

మేము వాలిడేషన్ దారి ఎంచుకున్నాం. నలుగురు పూర్తికాలం అధ్యాపకులు, ఆరుగురు గంటల లెక్కన వచ్చేవాళ్లు, 34 మంది విద్యార్థులు. సొంతంగా డిగ్రీ అధికారం తెచ్చుకునే సత్తా మాకు లేదు.

మొదటి దరఖాస్తు

ఒక పెద్ద వేదాంత కళాశాల హ్యాండ్‌బుక్‌ను నమూనాగా పెట్టుకుని 180 పేజీలు తయారుచేశాం. నిజానికి ఆ పని ముందుండి చేసింది నేనే. అందులో ఎనిమిది కమిటీలు ఉన్నాయి: పాఠ్యప్రణాళిక, పరీక్షలు, గ్రంథాలయం, విద్యార్థి సంక్షేమం, పరిశోధన, ఇంకా మూడు. విశ్వవిద్యాలయం నుంచి మూడు వాక్యాల జవాబు వచ్చింది. ఎనిమిది కమిటీల సభ్యుల పేర్లు, గత ఏడాది సమావేశాల మినిట్స్ పంపమన్నారు.

పేర్లు రాయడం మొదలుపెడితే అన్నిటిలోనూ అదే నలుగురం. మినిట్స్ అసలు లేవు, ఎందుకంటే ఆ కమిటీలు ఎన్నడూ కూర్చోలేదు. దరఖాస్తు వెనక్కి తీసుకున్నాం.

ప్రిన్సిపాల్ గారు ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "సార్, మనం వాక్యం బోధించేవాళ్లం. మన కాగితం మీద అబద్ధం ఉండకూడదు." రెండో దరఖాస్తుకు ఆ మాటే పునాది అయింది. కళాశాలలో జరగనిది ఏదీ రాయకూడదని, రాయదలచుకున్నది ముందు జరిపి చూడాలని నిర్ణయించుకున్నాం.

టైమ్‌టేబుల్ దగ్గర తేలిన లెక్క

ఆ విశ్వవిద్యాలయం పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి 10 గంటల శ్రమ. ఏడాదికి 120 క్రెడిట్లు, మూడేళ్ల ఆనర్స్ డిగ్రీకి 360. యూరప్‌లోని ఈసీటీఎస్ లెక్క వేరు. అక్కడ ఏడాదికి 60, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు. అంకె ఏదైనా సూత్రం ఒకటే: క్రెడిట్ కొలిచేది విద్యార్థి పని మొత్తాన్ని. మాస్టారు పాఠం చెప్పిన సమయం అందులో ఒక భాగమే.

మా ఏడాదిలో 30 బోధనా వారాలు. 120 క్రెడిట్లంటే 1,200 గంటలు, వారానికి 40. ఐదుగురు విద్యార్థులను ఒక వారం పాటు గంటగంటకూ ఏం చేశారో రాసివ్వమన్నాం. వాళ్ల నోటు పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. సగటు వేస్తే తరగతులు 24 గంటలు, ఆరాధన, ప్రార్థన కూడికలు 7, ఆవరణ పనులు 8, వారాంతంలో సంఘ పరిచర్య, అంటే చర్చిలో సేవ, 12. మొత్తం 51. డిగ్రీకి కావలసిన 40లో తరగతులు పోను మిగిలిన 16 గంటల సొంత చదువు దానిపై పడితే 67. ఏ మనిషికీ అది సాధ్యం కాదు కాబట్టి ఆ 16 గంటలు జరగడం లేదు. ఒక అబ్బాయి శుక్రవారం పేజీలో 'లైబ్రరీ 40 నిమిషాలు' అని ఉంది. ఆ వారం మొత్తంలో అతను గ్రంథాలయంలో గడిపింది అంతే.

ఇది సోమరితనం కాదు. మేమే ఆ పిల్లలకు చదువుకునే సమయం లేకుండా చేశాం. మూడేళ్లలో 38 సబ్జెక్టులు చెబుతున్నాం. ప్రతి తరం అధ్యాపకుడూ తనకు ముఖ్యమనిపించినది ఒకటి చేరుస్తూ వచ్చాడు, తీసేసినవాడు లేడు. చిన్న మతకళాశాలల్లో ఇది ఎంత సాధారణమో తర్వాత వేరేచోట్ల చూశాను. సిలబస్‌లోంచి ఒక పుస్తకం తీస్తే భక్తి తగ్గిందని ఎవరైనా అంటారేమో అన్న భయం కూడా అందులో ఉంటుంది.

38ని 18కి తెచ్చాం. ఏడాదికి ఆరు మాడ్యూళ్లు, ఒక్కొక్కటి 20 క్రెడిట్లు, అంటే 200 గంటలు. ఐదు మాడ్యూళ్లలో తరగతి 80 గంటలు, చదువు, రాత, పరీక్ష కలిపి 120. ఆరోది సంఘ పరిచర్య. ముందు లెక్కలోకి రాని వారాంతపు పని, పర్యవేక్షకుడి నివేదిక, విద్యార్థి రాసే సమీక్ష చేర్చాక 200 గంటల మాడ్యూల్ అయింది. తరగతులు వారానికి 24 నుంచి 13 పైచిలుకుకు దిగాయి, సొంత చదువుకు 20 గంటలు వచ్చాయి. ఆవరణ పనులు 8 గంటల నుంచి 4 చేశాం.

రాసినంత తేలిగ్గా జరగలేదిది. సంఘ చరిత్ర చెప్పే పెద్దాయన ముప్పై ఏళ్లుగా నాలుగు పేపర్లు చెబుతున్నారు. రెండు చేయమంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏ శతాబ్దం వదిలెయ్యమంటారు నాయనా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయనే వారం తర్వాత వచ్చి, శతాబ్దాల వారీ పద్ధతి వదిలేసి ఐదు వివాదాలు తీసుకుంటానన్నారు. ఒక్కో వివాదంలో విద్యార్థి మూల పత్రాలు చదివి తనంతట తాను తేల్చాలి. తర్వాత మా మార్కులు సరిచూసే బయటి పరీక్షకుడు ప్రత్యేకంగా పేరెత్తి మెచ్చుకున్న మాడ్యూల్ అదే.

ప్రార్థనకు మార్కులు

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే. పాత కోర్సులో 'ఆత్మీయ జీవితం' అని ఒక పేపరు, 100 మార్కులు. లక్ష్యం ఇలా రాసి ఉంది: 'విద్యార్థి ప్రార్థనా జీవితంలో ఎదుగుతాడు.' అయిదేళ్ల మార్కుల రిజిస్టర్ తీసి చూస్తే 85 కంటే తక్కువ ఎవరికీ రాలేదు.

సలహా కోసం వచ్చిన విశ్వవిద్యాలయం ప్రతినిధి ఒక ప్రశ్న అడిగారు. "ఈ పేపర్లో ఒక విద్యార్థి ఫెయిల్ కావాలంటే ఏం చెయ్యాలి?" గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆమెకు మన విశ్వాసం మీద చిన్నచూపు లేదు. బయటి పరీక్షకుడు చూడగలిగిన ఆధారం ఏదీ లేనిచోట మార్కు ఎలా వేస్తారనే అడిగారు. నేను ఆ రాత్రి దాని గురించే ఆలోచించాను. ఒకరి ప్రార్థనకు 91 అని, ఇంకొకరి ప్రార్థనకు 86 అని రాసింది మేమే. ఆ పని విద్యాపరంగా తప్పు, మా విశ్వాసం ప్రకారం చూసినా తప్పే.

మేం కుదుర్చుకున్న పద్ధతి ఇది. మాడ్యూల్‌ను 'క్రైస్తవ ఆత్మీయత: చరిత్ర, ఆచరణ' అని మార్చాం. ఎడారుల్లో ఏకాంతంగా బతికిన తొలి క్రైస్తవ సన్యాసులు, అంటే ఎడారి తండ్రుల నుంచి మొదలుకొని వేర్వేరు ప్రార్థనా సంప్రదాయాలను విద్యార్థి పోల్చి విడమరచి రాయాలి, ఒకదాన్ని ఆరు వారాలు ఆచరించి ఆ అనుభవాన్ని చదివిన గ్రంథాలతో ముడిపెట్టి విశ్లేషించాలి. మార్కు ఆ విశ్లేషణకే. డైరీ అతని సొంతం, ఎవరూ అడగరు. వ్యక్తిగత ఆత్మీయ ఎదుగుదలను మాత్రం వదిలిపెట్టలేదు. ప్రతి విద్యార్థికీ ఒక మెంటర్, నెలకు రెండు భేటీలు, ఏడాది చివర సంఘానికి ఒక లేఖ. దానికి మార్కు లేదు, మార్కుల జాబితాలో దాని ఊసు ఉండదు.

ఆ వెంటనే ఇంకో ప్రశ్న లేచింది. రెండో ఏట ఒక విద్యార్థి విశ్వాసం వదులుకుంటే? డిగ్రీ పూర్తిచేయనిస్తామా? బోర్డులో రెండు సమావేశాలు దీనికే సరిపోయాయి. చివరికి రాసుకున్నది ఇంతే: చదువులో ఉత్తీర్ణుడైతే పట్టా వస్తుంది. పరిచర్యకు సిఫారసు సంఘం ఇచ్చేది, అది వేరు. ఈ రెండింటినీ విడదీసిన రోజు కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. నేను మాత్రం ఇందులో వెనక్కి తగ్గే ప్రసక్తే లేదని చెప్పాను. పట్టా పోతుందన్న భయంతో ఒక యువకుడు లేని విశ్వాసాన్ని నటించే చోటుగా మన కళాశాల మారకూడదు.

కళాశాల నమ్మేదేమిటో చెప్పే విశ్వాస ప్రమాణం విషయం కూడా దీనికి దగ్గరిదే. అధ్యాపకులు దాని మీద సంతకం చేస్తారు, అది కళాశాల హక్కు, విశ్వవిద్యాలయం కాదనలేదు. విద్యార్థి వ్యాసం మాత్రం కళాశాల అభిప్రాయానికి ఎదురు వాదించినా, మార్కు వాదనలోని బలాన్ని, ఆధారాలను బట్టే పడాలి. మార్కింగ్ నియమాల్లో ఈ వాక్యం స్పష్టంగా రాశాం. దాన్ని పరీక్షించడానికి బాప్తిస్మం మీద మా పద్ధతికి విరుద్ధంగా వాదించిన ఒక పాత వ్యాసాన్ని నలుగురం విడివిడిగా దిద్దాం. 48, 55, 67, 70 వచ్చాయి. ఆ మధ్యాహ్నమంతా ఆ తేడా గురించే మాట్లాడుకున్నాం. అధ్యాపక శిక్షణ అని నేను పెట్టిన సదస్సులన్నీ కలిపినా ఆ ఒక్క మధ్యాహ్నానికి సాటిరావు.

కళాశాల చిన్నదైతే వచ్చే చిక్కులు

పేరు కనబడకుండా దిద్దాలన్నది నియమం. తరగతిలో పదకొండు మంది ఉంటే వాక్యం చూసి ఎవరిదో చెప్పేస్తాం. కుదరనిదాన్ని కుదురుతుందని రాయకుండా, కుదరదని ఒప్పుకుని మరో రక్షణ చూపించాం. మరో రెండు చిన్న కళాశాలలతో ఒప్పందం చేసుకుని, ప్రతి మాడ్యూల్‌లో కొన్ని పేపర్లు వాళ్ల అధ్యాపకులు రెండోసారి దిద్దేలా, వాళ్లవి మేం దిద్దేలా ఏర్పాటు చేశాం. విశ్వవిద్యాలయం దీన్ని వెంటనే ఒప్పుకుంది.

ప్రిన్సిపాల్ గారే బోర్డు అధ్యక్షుడు, పరీక్షల సంఘానికీ ఆయనే, విద్యార్థుల్లో ఎక్కువమంది వెళ్లే సంఘానికి కాపరీ ఆయనే. ఆయన నిజాయితీని శంకించినవాళ్లు లేరు. కానీ ఆయన మీద ఫిర్యాదు ఉన్న విద్యార్థి ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఎనిమిది కమిటీలను రెండుగా చేశాం: ఒక అకడమిక్ బోర్డు, ఒక పరీక్షల బోర్డు. అప్పీళ్లకు బయటి వ్యక్తిని పెట్టాం. ప్రిన్సిపాల్ గారు తానుగా పరీక్షల బోర్డు నుంచి తప్పుకున్నారు. అది అడగడానికి నాకు నెల పట్టింది, ఒప్పుకోవడానికి ఆయనకు ఒక్క నిమిషం.

గ్రంథాలయం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏడు వేల పుస్తకాలని గర్వంగా చెప్పేవాళ్లం. మాడ్యూల్ చదువు జాబితాలు పట్టుకుని అల్మారాల దగ్గర నిలబడితే, జాబితాలోని పుస్తకాల్లో మూడో వంతు కూడా లేవు. దానంగా వచ్చినవాటిలో ఒకే భక్తి పుస్తకం ఇరవై ప్రతులు ఉన్నాయి. భవన నిర్మాణానికి దాచిన నిధిలో కొంత పుస్తకాలకు, డిజిటల్ లైబ్రరీకి మళ్లించాం.

ప్యానెల్ వచ్చిన రోజు

మా కోర్సును పరీక్షించడానికి విశ్వవిద్యాలయం పంపిన ప్యానెల్‌లో ఐదుగురు వచ్చారు. ఉదయం మాతో, మధ్యాహ్నం విద్యార్థులతో, మేం లేకుండా. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. లోపల ఏం జరిగిందో తర్వాత విద్యార్థులే చెప్పారు. "మీ అసైన్‌మెంట్ వెనక్కి వచ్చినప్పుడు దాని మీద ఏం రాసి ఉంటుంది?" అని అడిగారట. రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు బ్యాగులోంచి తన పేపరు తీసి ఇచ్చింది. 52 మార్కులు. అంచున పెన్సిల్‌తో సంఘ చరిత్ర మాస్టారి చేతిరాత: 'ఇక్కడ నీ వాదన ఆగిపోయింది. అవతలివాళ్లు ఏమంటారో రాయకుండా వాళ్లు తప్పని తేల్చావు. వాళ్ల లేఖ చదివి మళ్లీ రా.' ఆ పేపరు ఐదుగురి చేతులూ మారిందట. మా పత్రాల్లో ఫీడ్‌బ్యాక్ గురించి నాలుగు పేజీలు ఉన్నాయి. సాయంత్రం ప్యానెల్ అధ్యక్షుడు ఆ నాలుగు పేజీలను ఒక్కసారి కూడా ప్రస్తావించలేదు. పెన్సిల్ రాతనే ప్రస్తావించారు.

ఐదేళ్లకు ఆమోదం ఇచ్చారు. నాలుగు షరతులు, ఆరు సూచనలు. షరతులు గడువులోగా తీరిస్తేనే కోర్సు మొదలవుతుంది. సూచనలకు ఏం చేశామో, చేయకపోతే ఎందుకో ఏడాది నివేదికలో చెప్పాలి. ఒక షరతు మమ్మల్ని ఇబ్బంది పెట్టింది: ఒప్పందం మధ్యలో ఆగిపోతే, చేరిన విద్యార్థులు ఎలా పూర్తిచేస్తారో రాతపూర్వకంగా చూపించాలి. మొదటి రోజే విడాకుల మాట ఎందుకని బోర్డులో ఒకరన్నారు. 2011లో వేల్స్ విశ్వవిద్యాలయం బయటి సంస్థల కోర్సులను వాలిడేట్ చేయడం మానేస్తున్నట్టు ప్రకటించిన సంగతి వాళ్లకు చెప్పాను. దాని మీద ఆధారపడిన సంస్థలు మరో విశ్వవిద్యాలయాన్ని వెతుక్కోవలసి వచ్చింది. ఆ తర్వాత ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

రెండేళ్ల తర్వాత

మొదటి ఏడాది ఇద్దరు ఫెయిలయ్యారు. అంతకుముందు కళాశాల చరిత్రలో ఎవరూ 40 కంటే తక్కువ తెచ్చుకున్న దాఖలా లేదు. వాళ్లను పంపిన సంఘాల నుంచి బాధతో ఉత్తరాలు వచ్చాయి. ఒక పెద్దాయన స్వయంగా వచ్చి, "మేం పంపింది సేవకు, ఫెయిల్ చెయ్యడానికి కాదు" అన్నారు. ఆ విద్యార్థి పేపరు, దాని మీది వ్యాఖ్యలు అతని అనుమతితో ఆయనకు చూపించాను. ఇద్దరూ వేసవిలో మళ్లీ రాశారు. ఒకరు గట్టెక్కారు, ఒకరు సర్టిఫికెట్ కోర్సుకు మారారు.

బయటి పరీక్షకుడి మొదటి నివేదికలో ఒక గట్టి మాట ఉంది. మా మార్కులన్నీ 62కూ 68కీ మధ్య కుప్పపడ్డాయి. బాగా రాసినవాళ్లకు 75 ఇచ్చే ధైర్యం, బలహీనంగా రాసినవాళ్లకు 45 ఇచ్చే ధైర్యం మాకింకా రాలేదని రాశారు. అది నిజం. ఇప్పుడు ప్రతి టర్మ్ మొదట్లో పాత పేపర్లు మూడు తీసుకుని అందరం కలిసి దిద్దుతున్నాం.

ఇంకా తేలనిది గ్రీకు. దాన్ని డిగ్రీ స్థాయిలో చెప్పగలిగినవారు మాలో ఒక్కరే, ఆమె వచ్చే ఏడాది పీహెచ్‌డీకి సెలవు మీద వెళ్తున్నారు. అధ్యాపకుడు మారితే విశ్వవిద్యాలయానికి తెలిపి, కొత్తవారి అర్హతలకు ఆమోదం తీసుకోవాలి. పేపర్లు మార్చుకునే రెండు కళాశాలలతో కలిసి ఒకే గ్రీకు అధ్యాపకుణ్ణి పెట్టుకుందామని ప్రతిపాదన రాశాను. మూడు కళాశాలలు, మూడు వేర్వేరు సంఘ సంప్రదాయాలు, ఒక వ్యాకరణ పుస్తకం. ఒక కళాశాల ఒప్పుకుంది, రెండోది వచ్చే నెల బోర్డులో పెడుతుంది.

ఆ బంగారు ఫ్రేము ఇప్పుడు ఖాళీ. సర్టిఫికెట్‌ను ప్రిన్సిపాల్ గారు తన చేతులతోనే దింపి తీసేశారు. మొదట ఉత్తరం తెచ్చిన అమ్మాయి వేరేచోట మూడేళ్లూ మళ్లీ చదివి, ఇప్పుడు మాస్టర్స్ చేస్తోంది. మా పరీక్షల బోర్డులో పూర్వ విద్యార్థుల తరఫున ఒక స్థానం ఉంది, దానికి ఆమెను అడిగాం. వస్తానంది.